నడినెత్తి

వీధిలో అందరికీ ఆయన టోపీ బాబాయ్. గడియారాలు బాగుచేయడానికి తల వంచితే, వచ్చినవాళ్లకు ముందు నడినెత్తి మీది బట్టతలే కనిపిస్తుంది. అందుకే ఆ టోపీ. పొద్దున్నే అద్దం ముందు నిలబడి మందు చుక్కలు అద్దుకుంటాడు. "ఇది వంశపారంపర్యం. వాడినన్నాళ్లే ఫలితం, మానేస్తే మళ్లీ రాలుతుంది" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇంట్లో వేళాకోళం చేసేవాళ్లు కూడా లేరు.

మొన్న క్షవరమయ్యాక సెలూనతను తల వెనక చిన్న అద్దం పట్టి, "మందు పనిచేస్తోంది బాబాయ్! సగం పూడిపోయింది, చూడు" అన్నాడు. చూశాడు. చిన్నప్పుడు ఇల్లు విడిచి మెట్లు దిగిపోతున్న నాన్నను పైనుంచి చూశాడాయన. ముఖం గుర్తులేదు; గుండ్రంగా బట్టతల పడ్డ ఆ నడినెత్తి ఒక్కటే గుర్తు.

"అద్దం ఇంకాసేపు పట్టుకోవోయ్" అన్నాడు.

మర్నాటి నుంచి మందు మానేశాడు.