కథ ముందే చెప్పేసే మాస్టారు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. నేనప్పుడు ఒక వ్యాసంలో ఎవర్నో ఉతుకుతున్నాను. ఆ వాక్యం పూర్తి చేశాకే లేచాను.

గుంటూరులో ఆయన ఏళ్ళ తరబడి ఆదివారం సాయంత్రాలు కార్మిక సంఘం హాల్లో ఐరోపా సినిమాలు చూపించారు. చూసేది మాలాంటి మేధావులు కాదు. మిరపకాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ళు, ఆటోడ్రైవర్లు, ఒకరిద్దరు టీచర్లు. బొమ్మ పడకముందే కథంతా, ముగింపుతో సహా చెప్పేసేవారు. "ఇంక చూడ్డానికేముందండీ?" అని ఎవరైనా గొణిగితే, "ఏం జరుగుద్దో తెలిసిందిగా, ఇప్పుడు ఎవరికి జరుగుద్దో చూడండి" అనేవారు. తెరమీద మాటలుంటే పక్కన నిలబడి మెల్లగా తెలుగులో చెప్పేవారు. మాటల్లేని చోట కూర్చుండిపోయేవారు.

పత్తిరైతు పురుగుమందు తాగుతుంటే పరాయిదేశాల ఒంటరితనం మనకెందుకని నేనొక వ్యాసం రాశాను. అది చదివి సంఘం వాళ్ళు ఆయనకి హాలివ్వడం మానేశారు. ఆయన సినిమాని తన ఇంటి వరండాలోకి మార్చుకుని నాకు ఫోన్ చేశారు.

"ఒరేయ్, చూడకుండా తిట్టావు. చూసి తిట్టు, ఇంకా బాగా కుదురుద్ది."

వెళ్ళాను. ఆ సినిమాలో ఒకామె చేపల ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంది. కడుక్కుంటూనే ఉంటుంది. పక్కగదిలో పసిపిల్ల ఏడుస్తుంటుంది. సినిమా అయ్యాక నేను లేచి, ఇది మధ్యతరగతి అపరాధ భావన అని పావుగంట దంచాను. ముచ్చికలు తీసే ఒకావిడ అడ్డం వచ్చింది.

"అదేం కాదు సార్. ఆ కంపు చేతుల్తో పిల్లనెట్టా ఎత్తుకుంటది? మేమూ పనికాణ్ణించి రాగానే బిడ్డల్ని తాకం. ఎంత కడిగినా కారం మంట పోదు. బిడ్డేమో పాలకి ఏడుస్తా ఉంటది."

వర్గం గురించి నా పావుగంటలో లేనిదంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది.

"ఏరా, విన్నావుగా. ఇది కూడా రాయి" అన్నారు మాస్టారు.

రాస్తానన్నాను. రాయలేదు. తప్పు ఒప్పుకుంటే అవతలివాడికి బలమొస్తుందని మా శిబిరంలో అందరికీ ఒక జబ్బు. ఆయనకి హాలు మళ్ళీ దక్కలేదు. వరండాలో పట్టేది పాతికమంది, వానొస్తే వాళ్ళూ లేరు. ఇప్పుడు రాస్తున్నాను: ఆ వ్యాసం తప్పు. ఆయన చూపించినవన్నీ గొప్ప సినిమాలని మాత్రం ఇప్పటికీ అనను. కొన్నిట్లో మనుషులు ఏ లోటూ లేక ఏడుస్తారు.

ఈ మాటే ఆఖరిసారి స్టేషన్లో ఆయనతో అన్నాను. చీరాలలో నేతపనివాళ్ళకి సినిమా చూపించడానికి బయల్దేరుతున్నారు. "లోటు లేనివాడి ఏడుపు ఏడుపు కాదట్రా?" అంటూనే రైలెక్కారు. కిటికీ పక్కన కూర్చుని ఇంకా ఏదో వాదిస్తున్నారు. రైలు కదిలింది. ఆ చప్పుడులో నాకొక్క ముక్కా వినపడలేదు. చూపుడువేలు మాత్రం కిటికీ చువ్వల మధ్యనుంచి బయటికొచ్చి ఆడుతోంది. నేను తల ఊపాను. ఊపుతూనే ఉన్నాను, ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిందాకా.