దిష్టిబొమ్మకు తొడిగిన ప్యాంటు

ఆ ఊరి పేరు రాయకపోవడమే మర్యాద. మాచర్ల నుంచి గురజాల పోయే దారిలో కాస్త పక్కకు తిరిగితే వచ్చే మండల కేంద్రం అంటే చాలు. పేరు రాస్తే అక్కడి పెద్దమనుషులు పరువు పోయిందని రోడ్డెక్కుతారు. పోవడానికి ముందు ఉండాలి కదా అంటే ఇంకా గట్టిగా అరుస్తారు.

ఆ ఊళ్ళో పోలీస్ స్టేషన్ గేటుకు సరిగ్గా ఎదురుగా ముజాహిద్ టైలరు కొట్టు. ముప్పై ఏళ్ళ బట్టి ఆ కొట్లో ఆయన చేసినవి రెండే పనులు. ప్యాంట్లు కుట్టాడు, సంతకాలు పెట్టాడు. మొదటి పని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాడు. రెండోది కళ్ళు మూసుకుని చేశాడు.

సంతకాల సంగతి ముందు చెప్పాలి. పోలీసులు సారా పట్టినా, పేకాట పట్టినా, దొంగసొత్తు పట్టినా, అక్కడే నిలబడి కళ్ళారా చూసిన ఇద్దరు నిజాయితీపరులు కాగితం మీద సాక్షి సంతకం చెయ్యాలి. దాన్ని పంచనామా అంటారు. ఈ పద్ధతి కనిపెట్టినాయన ఎండన పడి పల్నాడులో తిరిగి ఉండడు. వాగు లోపల ఎస్సై సారా క్యాన్లు పగలగొడుతుంటే, నిజాయితీపరులు ఇద్దరు షికారుగా అటు నడిచిపోతూ కనబడాలట! వీరుల కథలు రాత్రంతా చెప్పే సీమే గానీ, అలాంటి వీరులిద్దరు ఒక్కచోట దొరికిన కథ ఇక్కడ కూడా ఎవరూ చెప్పరు. అందుకని కాగితం స్టేషన్‌లోనే తయారయ్యేది, దాన్ని పట్టుకుని కానిస్టేబుల్ రోడ్డు దాటి వచ్చేవాడు.

"ముజాహిద్ భాయ్, ఇక్కడో సంతకం."

"ఏందిది?"

"ఏదో ఒకటిలే భాయ్. రెండో పేజీ కింద."

కాజా కుడుతున్న సూదిని చొక్కాకు గుచ్చి ఆయన సంతకం చేసేవాడు. "పనిమీద అటుగా పోవుచుండగా పోలీసువారు పిలువగా" అని ప్రతి కాగితమూ మొదలయ్యేది. ఆ లెక్కన ముజాహిద్ దాటని వాగు లేదు, తొంగిచూడని పేకాట పాక లేదు. నిజానికి ఆయన మధ్యాహ్నం అన్నానికి తప్ప మిషను దగ్గర నుంచి లేచి ఎరగడు. బదులుగా స్టేషన్‌లోని ఖాకీ అంతా ఆయన దగ్గరే కుట్టించుకునేది. దాన్ని లంచమని ఎవరూ అనలేదు. పోలీసులు లంచం ఇచ్చారంటే నమ్మేదెవరు? భార్య రబియా మాత్రం ఊరుకునేది కాదు.

"నీ సంతకం చూస్తే ఆ సారా క్యాన్లకే సిగ్గేస్తదయ్యా," అనేది.

ఇక ప్యాంట్ల సంగతి. బజారులో విత్తనాల కొట్టు నడిపే వేణుమాధవ్‌కు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు పొట్టిదైంది. నడుస్తుంటే ఎడమ ప్యాంటంచు మట్టిలో ఈడ్చుకుపోయేది. ఆయన సిగ్గరి. ఊరు సిగ్గు ఎరగనిది. కొట్టుకొచ్చి విత్తనాలు కొంటూనే ముఖాన కుంటిశెట్టి అని పిలిచేవాళ్ళు. ముజాహిద్ ఆయనకు ఎడమకాలు అంగుళంన్నర పైకి పట్టి, మిగులు గుడ్డ కత్తిరించకుండా లోపలికి మడిచి, బయటికి కనబడని కుట్టు వేసి ఇచ్చేవాడు. వేణుమాధవ్ తొడుక్కుని నిలబడితే రెండంచులూ ఒక్క మట్టాన ఉండేవి. ఆ రహస్యం వాళ్ళిద్దరిదే.

మూడేళ్ళ కిందట కార్తీకం వెళ్ళిన వారానికి వేణుమాధవ్ కనబడకుండా పోయాడు. ఆ ఏడు వాళ్ళ కొట్లో కొన్న మిరప విత్తనం మొక్కై ఎదిగింది గానీ కాయ పట్టలేదు. అది నకిలీ సరుకని, తెచ్చింది తన భాగస్వామి ఫణి అని వ్యవసాయాధికారికి రాసిస్తానని ఆయన ఇంట్లో చెప్పాడు. రెండోనాడు సాయంత్రం నాలుగింటికి, దీపావళికి కుట్టించిన బూడిదరంగు ప్యాంటుతో ఫణి కారెక్కాడు. ఎదురు బట్టలకొట్టు కెమెరాలో అంతవరకు పడింది. ఆ తర్వాత ఆయన్ను చూసినవాడు లేడు.

"మాచర్ల బస్టాండులో దింపా. హైదరాబాదు పోతా అన్నాడు," అన్నాడు ఫణి. ఫణికి రెండు పార్టీల్లోనూ బంధువులున్నారు. అలాంటివాడి మాటకు ఇన్‌స్పెక్టర్ ఆధారం అడగడు, కాఫీ అడుగుతాడు.

వేణుమాధవ్ భార్య శివపార్వతి స్టేషన్‌కు వెళ్ళింది.

"ఇంట్లో గొడవలేమన్నా ఉన్నాయా అమ్మా? మగాళ్ళన్నాక పోతుంటారు, వస్తుంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాలుగడుగులేస్తే కాలు నొప్పి సార్ ఆయనకు. ఎక్కడికి పోతాడు?"

"బస్సుకు చక్రాలుంటే చాలు గదమ్మా."

పక్కనున్న ఇద్దరు నవ్వారు. అయిదోసారి పోతే మనిషి తప్పిపోయినట్టు కేసు రాశారు. దర్యాప్తు కూడా చేశారు. గోడల మీద ఫొటోలు అంటించారు. ఫణి మిరపచేను చూసొస్తామని పోయి, మోటారు గది నీడలో కూర్చుని నాటుకోడి పులుసు తిన్నారు. వాళ్ళకెదురుగా, ఇరవై గజాల్లో, చేలో దిష్టిబొమ్మ నిలబడి ఉంది.

మనిషి కన్ను పడకుండా మనిషి ఆకారాన్నే పొలంలో నిలబెట్టడం ఒక్క మన దగ్గరే కాదు, లోకమంతా ఉంది. ఆ బొమ్మను పిట్టలు చూస్తాయి, దారిన పోయేవాళ్ళు చూస్తారు. పులుసు మీద కన్నున్నవాళ్ళు చూడరు.

ఆ ఫిబ్రవరిలో ముజాహిద్ బంధువులింట్లో నిఖాకు ఆటోలో పోతుంటే మేకల మంద అడ్డం వచ్చి, ఆటో సరిగ్గా ఆ చేను పక్కన ఆగింది. దిష్టిబొమ్మకు సమానమైన రెండు వెదురు కర్రలు కాళ్ళు. వాటికి గడ్డి చుట్టి ప్యాంటు తొడిగారు. వెలిసిపోయిన బూడిదరంగు. ఎడమ అంచు కుడిదానికంటే పైకుంది. కుంటివాడి మీద సమంగా నిలిచిన ప్యాంటు సమమైన కర్రల మీద కుంటుతోంది.

ఆయన ఆటో దిగి, చేలో నడిచిపోయి, వంగి ఆ అంచు తిరగేశాడు. లోపల తన కుట్టు.

"ఏంది భాయ్, బొమ్మకు కొలతలు తీస్తున్నావా?" అంది కూలికొచ్చి కాయలు కోస్తున్న కాంతమ్మ.

"ఈ ప్యాంటెక్కడిది కాంతమ్మక్కా?"

"మోటారు గదిలో గోతాల కింద దొరికింది. ఎక్కడా చినగలా, పారెయ్యబుద్ధి గాక తొడిగా. నువ్వేమన్నా తీసుకుపోతావా? నీ పొట్టకు పట్టదులే."

ముజాహిద్ నిఖాకు పోలేదు. వెనక్కొచ్చి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, పిలవకుండా రోడ్డు దాటాడు.

"అయితే ఇప్పుడు దిష్టిబొమ్మను అరెస్టు చెయ్యమంటావా భాయ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ముజాహిద్ చూడనివన్నీ కళ్ళకద్దుకుని పుచ్చుకున్న స్టేషన్, చూసిన ఒక్కదాన్నీ పుచ్చుకోవడానికి పదిహేను రోజులు తీసుకుంది. అదీ శివపార్వతి నరసరావుపేట పోయి, కలెక్టరాఫీసులో సోమవారం అర్జీ పెట్టి, అక్కడే కూర్చుంటే పైనుంచి చీవాట్లు వచ్చాక.

ప్యాంటు ల్యాబుకు పోయింది. నడుంపట్టీ లోపల మనిషి రక్తమని తేలింది. ఎవరిదో చెప్పలేనంతగా ఎండ తిన్నదన్నారు. ఫణిని అరెస్టు చేశారు గానీ శవం దొరకలేదు. సాగరు కాలవకు ఎన్ని తెలుసో అది చెప్పదు. కేసంతా ఒక్క సంగతి మీద నిలబడింది: బస్సెక్కి వెళ్ళిపోయిన మనిషి ప్యాంటు, బస్సెక్కించానన్నవాడి మోటారు గదిలోకి ఎలా వచ్చింది? అది వేణుమాధవ్ ప్యాంటేనని చెప్పగలిగేది ముజాహిద్ ఒక్కడే. ఆయన్ను కోర్టు నమ్మకపోతే ఫణి ఇంటికొస్తాడు, శివపార్వతి భార్యో విధవో తెలియకుండా ఉండిపోతుంది.

"నా కొలతల పుస్తకం కూడా తీసుకోండి సార్," అన్నాడు ముజాహిద్.

"పుస్తకాలెందుకు భాయ్? నీ సంతకం చాలదా?" అని, పాత అలవాటు కొద్దీ ఛార్జిషీటులో రాసేశారు: "ముజాహిద్ పనిమీద అటుగా పోవుచుండగా పోలీసువారు పిలువగా".

నరసరావుపేటలో విచారణ. ఫణి తరఫు లాయరు సుబ్బారావు గారు ఆ ఊరివారే. ఊరి సంగతులన్నీ తెలుసు కాబట్టి ఆయన పుస్తకాలేమీ తేలేదు, ఒక జెరాక్సు కట్ట తెచ్చారు.

"ముప్పై ఏడు పంచనామాలు. ఈ సంతకాలన్నీ నీవేనా?"

"నావేనండి."

"ఇన్నిచోట్లకూ పోయావా?"

ముజాహిద్ తలుపు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పోయానంటే, ఒకేరోజు ఒకే గంటకు రెండూళ్ళలో తను ఉన్నట్టు రాసిన కాగితాలు తీస్తారు లాయరుగారు. పోలేదంటే, తన నోటితో తానే అబద్ధికుడు, ఆ ఖాకీ గుడ్డ మళ్ళీ రోడ్డు దాటి రాదు. వెనక బెంచీ మీద శివపార్వతి కూర్చుని ఉంది.

"పోలేదండి. ఒక్కచోటుకూ పోలా. కొట్లో కూర్చునే పెట్టా."

"అంటే అబద్ధం."

"అబద్ధమేనండి. ముప్పై ఏడూ."

సుబ్బారావుగారు చుట్టూ చూసి, పెళ్ళికొడుకు తండ్రిలా నవ్వారు. "ముప్పై ఎనిమిదోది కూడా అంతే. ఈ ప్యాంటు మనిషి పోయాక నువ్వు పోలీసుల కోసం కుట్టిచ్చావు."

"కాదండి. దీపావళికి కుట్టింది."

"ఏంది ఆధారం? నీ మాట తప్ప?"

జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని ఆయన తన జూనియర్లకు చెబుతుంటారట. గెలుపు తలకెక్కినవాడికి తన పాఠం తనకే గుర్తుండదు.

"నా మాట వద్దండి," అన్నాడు ముజాహిద్. "తమరి మాటుంది." గుడ్డసంచీలోంచి కొలతల పుస్తకం తీసి, ఒక పేజీ తెరిచి ఇచ్చాడు.

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. పైన వేణుమాధవ్ పేరు, బూడిదరంగు గుడ్డముక్క కుట్టి ఉంది, కుడికాలు ముప్పై తొమ్మిది, ఎడమకాలు ముప్పై ఏడున్నర. దాని కిందనే, వేరే దస్తూరీలో రాసినదాన్ని ఆమె పైకే చదివారు. "నల్లకోటు. పొట్ట దగ్గర రెండంగుళాలు వదులు ఉండవలెను. తేడా వచ్చినచో పూర్తి బాధ్యత టైలరుదే." కింద తేదీ. దీపావళికి పదకొండు రోజుల ముందు. అంటే పైనున్న కొలతలు అంతకు ముందువే. "ఈ సంతకం మీదేనా సుబ్బారావుగారూ?"

దర్జీని కూడా నమ్మక, తన చేత్తో షరతు రాసి సంతకం పెట్టిన పెద్దమనిషి, తన ఒంటి మీదున్న ఆ కోటు వైపే చూసుకున్నారు. పొట్ట దగ్గర రెండంగుళాలు వదులుగానే ఉంది. తేడా రాలేదు.

"నాదే," అన్నారు.

పుస్తకాన్ని సాక్ష్యంగా తీసుకున్నారు. గుమాస్తా అందరి ముందూ టేపు పెట్టి ప్యాంటు కొలిచాడు. కాంతమ్మ వచ్చి గోతాల సంగతి చెప్పింది. తీర్పులో జడ్జిగారు ముజాహిద్ మాటను నమ్మలేనని రాశారు, ఆయన కుట్టును నమ్మానని రాశారు. ఫణికి యావజ్జీవం పడింది. శివపార్వతి మూడేళ్ళు ఆలస్యంగా పదకొండో రోజు చేయించింది. దానికి ఊరంతా వచ్చి, కుంటిశెట్టి ఎంత మంచివాడో ఒకరికొకరు చెప్పుకుని భోంచేసి వెళ్ళింది.

శాస్త్రీయ దర్యాప్తు చేసినందుకు ఇన్‌స్పెక్టర్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. స్టేషన్ ఖాకీ మాచర్లలో ఎవరి దగ్గరికో పోయింది. ముజాహిద్ ఇప్పుడు జాకెట్లు కుడుతున్నాడు.

మొన్న కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఒకడు, సంగతులు తెలియక, కాగితం పట్టుకుని రోడ్డు దాటాడు.

"భాయ్, ఇక్కడో సంతకం."

"ఎక్కడ పట్టారు?"

"వాగవతల. సారా."

ముజాహిద్ సూది చొక్కాకు గుచ్చి, చెప్పులు తొడుక్కున్నాడు. "పద. చూసొచ్చి పెడతా."

"అంత దూరమా? ఈ ఎండలోనా?" అన్నాడు కానిస్టేబుల్. కాగితం మడిచి, సంతకం కోసం పక్కనున్న జెరాక్సు కొట్టుకు పోయాడు. "ఈసారికి ఆ సారా క్యాన్లకు సిగ్గు తప్పిందయ్యా," అంది లోపల గుడ్డ మడత పెడుతున్న రబియా.