పది పెట్టారు, తొమ్మిదే పేలినయ్

మా వీధిలో చంటిపిల్లకి జ్వరం వస్తే గాలి సోకిందని దిష్టి తీస్తారు. నేను మాత్రం థర్మామీటరు పట్టుకుని వెళతాను. దయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. పన్నెండేళ్ళుగా ప్రోగ్రాములు రాసి బతుకుతున్నదాన్ని. ఏది జరిగినా దానికో కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని నా గట్టి నమ్మకం. ఈ ఒక్కదానికి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

మాది నరసరావుపేట. హైదరాబాదులో ఒక చిన్న గేమ్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. మా ఆయన చిలకలూరిపేటలో నూలు మిల్లులో సూపర్‌వైజరు, ఉదయం ఏడింటికే బండి మీద వెళ్ళిపోతాడు. నాలుగేళ్ళ కిందట అమ్మ పోయాక నాన్న మా దగ్గరే ఉంటున్నాడు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే.

నాన్న పిడుగురాళ్ళ పక్కన సున్నపురాయి క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టిన మనిషి. ఇరవై ఆరేళ్ళు ఆ మిషన్ అదిరి అదిరి, ఇప్పుడు మిషన్ లేకపోయినా చేతులు అదురుతూనే ఉంటాయి. కానీ ఆయన్ని తినేసింది ఆ వణుకు కాదు, ఒక లెక్క.

క్వారీలో పద్ధతి ఇది. రాతిలో వరసగా బెజ్జాలు వేస్తారు. వాటిలో మందు కూరి, వత్తులు వెలిగించి, పరుగెత్తి బండల చాటున దాక్కుంటారు. అప్పుడు ఒక మనిషి పేలుళ్ళు లెక్కపెడతాడు. ఎన్ని బెజ్జాల్లో మందు కూరారో అన్నీ పేలితేనే బయటికి రావాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ కదలకూడదు. మా నాన్న జట్టులో లెక్క ఆయనదే.

ఇరవై ఏళ్ళ కిందట ఒక రోజు బెజ్జాలు పదకొండు. నాన్న పదకొండు లెక్కపెట్టి "అయిపోయినయ్" అన్నాడు. నాన్న జతగాడు కోటయ్య మామ ముందుగా లేచి వెళ్ళాడు. ఆయన కాలు పెట్టిన చోట ఒకటి పేలింది.

చుట్టరికం లేకపోయినా ఇద్దరూ "బావా, బావా" అనుకునేవాళ్ళు, ఒకే క్యారేజీలో తినేవాళ్ళు. పది విని పదకొండు అన్నాడని అందరూ నాన్ననే అన్నారు. "పదకొండూ విన్నానయ్యా" అని నాన్న మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? ఎదురుగా శవం ఉంది. ఊళ్ళో ఆయనకి లెక్క తప్పినోడు అని పేరు పడింది. నాన్న పెళ్ళిళ్ళకి, పేరంటాలకి వెళ్ళడం మానేశాడు. రాను రాను ఆయనకే అనుమానం పట్టుకుంది. "ఏమోనే, తప్పానేమో" అని ఒక్కడే గొణుక్కునేవాడు. తన స్నేహితుణ్ణి తానే చంపుకున్నాడో లేదో తెలియకుండా మా నాన్న ఇరవై ఏళ్ళు బతికాడు.

ఇక నా పని సంగతి. విదేశీ కంపెనీ ఒకటి తయారుచేసిన యుద్ధం ఆట అది. మామూలుగా బటన్లు నొక్కి ఆడతారు. దాన్ని ఇంకో రకం మిషన్ మీద ఆడేలా మార్చే కాంట్రాక్టు మా వాళ్ళకి వచ్చింది. ఆ మిషన్లో బటన్లతో గురిపెట్టరు. టీవీ రిమోట్ లాంటిదాన్ని తుపాకీలా గాల్లో పట్టుకుని, చెయ్యి ఎటు తిప్పితే అటు గురి. అసలు తలనొప్పంతా అక్కడే. ఎంత గట్టి మనిషి చెయ్యయినా కొంచెం అదురుతుంది, దాంతో తెర మీద గురి కప్పలా ఎగురుతుంది. ఆ అదురుని తీసేసే ఫిల్టరు రాయడం నా వంతు.

మంచి చేతులు అందరి దగ్గరా ఉన్నాయి. నాకు వణికే చెయ్యి కావాలి. అది మా ఇంట్లోనే ఉంది.

నాన్న మొదట నవ్వాడు. "ఏమ్మే, ముసలోణ్ణి మిలిట్రీలో జేరుస్తున్నావా?" అన్నాడు. కానీ ఆట పట్టాక మూడు రోజులు చిన్నపిల్లాడైపోయాడు. ఒకటే చిక్కు, మనుషుల్ని కాల్చడు. ఎదురుగా సైనికుడు వస్తే "నువ్వు పక్కకి పోరా అబ్బాయ్" అని వెనకున్న డబ్బాల్ని కొట్టేవాడు. రిమోట్ ఎంత కదిలిందో కంప్యూటర్లో రికార్డయ్యేది. ఆ చేతిని స్టాండు మీది ఫోనుతో వీడియో కూడా తీసేదాన్ని.

నాలుగో రోజు మంగళవారం, పదకొండు గంటలు. మే నెల ఎండ, కూలర్ తిరుగుతోంది. ఆ రోజు పెట్టిన అంకంలో ఆటగాడు కందకంలో దాక్కుంటాడు. పైనుంచి ఫిరంగి గుండ్లు పడి పేలతాయి. ఆగాక, పొలానికి అడ్డంగా పరుగెత్తమని తెర మీద అక్షరాలు వస్తాయి. నాన్నకి ఇంగ్లీషు రాదు కాబట్టి ఆ మాట నేను చెప్పాలి.

గుండ్లు పడ్డాయి. ఆగాయి. అక్షరాలు వచ్చాయి.

"నాన్నా, ఇక పరిగెత్తు" అన్నాను.

నాన్న కదల్లేదు. కుర్చీలో ముందుకి వంగి, రిమోట్ పట్టుకుని అలాగే ఉన్నాడు.

"ఇంకోటి ఉంది."

"ఏం లేదు నాన్నా. అయిపోయినయ్."

"పది పెట్టారు, తొమ్మిదే పేలినయ్. పోకూడదు."

నాకు చిరాకేసింది. వారంలో పని అప్పజెప్పాలి, ఈయనకి ఇది క్వారీ అయి కూర్చుంది. "చూడు, ఏం కాదు" అని ఆయన చేతిలోంచి రిమోట్ లాక్కున్నాను. "పోమాకే!" అని నాన్న అరుస్తూనే ఉన్నాడు. ఆటగాణ్ణి కందకం ఎక్కించి పొలం మధ్యలోంచి పరుగెత్తించాను. ఎనిమిదో అడుగో తొమ్మిదో అడుగో, కాళ్ళ కింద పేలింది. తెరంతా ఎర్రబడిపోయింది, ఆటగాడు చచ్చిపోయాడు.

నాన్న లేచి పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కంప్యూటరు ముందు కూర్చున్నాను, నాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

ఆ పేలుళ్ళ భాగం నాది కాదు, హైదరాబాదులో వేరే అతను చేశాడు. ఫైలు నేను తెరవడం అదే మొదటిసారి. గుండ్లు పది. తొమ్మిది వాటంతటవే పేలతాయి. పదోది మార్పుల్లో పొరపాటున వేరే షరతుకి తగులుకుంది. ఆటగాడు పొలం నడిమధ్య కాలు పెడితే తప్ప అది పేలదు. మామూలుగా ఆడేవాళ్ళు ఎడమ గోడ వెంబడి పరుగెత్తుతారు కాబట్టి రెండు వారాలుగా ఎవరికీ దొరకలేదు. మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేస్తే "ఎలా పట్టుకున్నారండీ?" అన్నాడు. మా నాన్న పట్టుకున్నాడని చెబితే నవ్వాడు.

పదని నాన్నకి ఎలా తెలుసు?

ఫోన్లో నేను అన్నది విన్నాడేమో అనుకున్నాను. ఆ సంఖ్య నాకే తెలియదు. మధ్యలో ఒక పేలుడు ఖాళీ వచ్చినట్టు చెవి పసిగట్టిందేమో అనుకున్నాను. తప్పిపోయింది ఆఖరిది, మధ్యలో ఖాళీ ఏమీ లేదు. అంతకుముందు ఆ అంకం ఆయన చూడలేదు, ఎక్కడా పది అని రాసి కూడా లేదు.

సాయంత్రం రికార్డు చూశాను. నాన్న చెయ్యి గీత ఎప్పుడూ రంపపు పళ్ళలా ఉంటుంది. ఆ రోజు తొమ్మిదో గుండు పేలాక పదిహేడు సెకన్లు గీత నున్నగా ఉంది. రిమోట్ బల్ల మీద పెట్టినప్పుడు ఎలా ఉంటుందో అలా. పక్కన పెట్టాడేమోనని వీడియో చూశాను. రిమోట్ చేతిలోనే, గాల్లోనే ఉంది. ఇరవై ఏళ్ళుగా మంచినీళ్ళ గ్లాసు తిన్నగా పట్టుకోలేని చెయ్యి అది. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు.

మర్నాడు పరీక్ష పెట్టాను. ఎన్ని గుండ్లు పడాలో, అందులో ఏది పేలకూడదో కంప్యూటరే ఇష్టమొచ్చినట్టు ఎంచుకునేలా మార్చాను, నాకు కూడా తెలియకుండా. ఆరుసార్లు అడిగాను. నాన్న ఆరుసార్లూ తప్పు చెప్పాడు. చేతి వణుకు కూడా ఎప్పటిలాగే ఉంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో! కాకతాళీయం, అంతే.

"నాకేం తెలుస్తదే? నిన్న చెప్పింది నేను గాదుగా" అన్నాడు నాన్న.

"మరెవరు?"

"కోటయ్య. మణికట్టు పట్టుకుని ఆపాడు."

నేను ఆయన ముఖంలోకి చూశాను. మతి తప్పిన మనిషిలా లేడు. ఏదో బజారులో కనపడ్డాడన్నట్టు చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడంట కోటయ్య మామ: "ఆ రోజు పన్నెండు బావా. నీకు జెప్పలా." భయమేసింది, ఇందులో దాచుకోవడానికేముంది. వెంటనే ఆ మాట మా ఆయనకి మెసేజ్ పెట్టాను. అది ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. తర్వాత అల్లిన కథ కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కోటయ్య మామ పోయాక ఆయన భార్య రమణత్త బొల్లాపల్లి దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళలో నాన్న ఆ గడప తొక్కలేదు. ఆ ఆదివారం తనే చొక్కా వేసుకుని పద అన్నాడు. వద్దని చెప్పాను. ఆమె చీపురు తిరగేస్తే నా తల ఎక్కడ పెట్టుకోను? ఆయన వినలేదు.

రమణత్త వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నాన్నని చూసి లేచి నిలబడింది, తిట్టలేదు. నులకమంచం వాల్చింది. నాన్న కూర్చోలేదు.

"రమణమ్మా, ఆ రోజు పదకొండా, పన్నెండా?"

నేను ఆమెనే చూస్తున్నాను. ఇది ఎవరైనా అడిగితే మనిషి ఏమనాలి? పన్నెండేంది అనాలి. ఆమె అలా అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పన్నెండన్నయ్యా" అంది.

ముందురోజు వేసిన బెజ్జం ఒకటి మిగిలి ఉందట. రాయి పగులిచ్చింది, దాంట్లో మందు కూరొద్దని నాన్నే చెప్పాడట. అంత కష్టపడి వేసింది వదిలేయడం దేనికి, బావకి తెలిస్తే అరుస్తాడు, చెప్పకుండా కూరేస్తానని ఆ ఉదయం క్యారేజీ తీసుకుంటూ కోటయ్య మామ ఆమెతో అన్నాడట. అంటే నాన్న లెక్క తప్పలేదు. తనకి తెలిసిన పదకొండూ పేలాయి. పేలనిది తనకి తెలియనిది. నాన్న అయిపోయినయ్ అనేసరికి తను కూరిందీ పేలిందనుకుని కోటయ్య మామ లేచి ఉంటాడు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదత్తా?" అని అరిచాను. నిజంగానే అరిచాను, చుట్టుపక్కల వాళ్ళు తొంగిచూశారు.

"చచ్చిపోయినోడి మీద ఎట్టా ఏసేదమ్మా? నా పిల్లలకి ఏం జెప్పను, మీ అయ్య చేజేతులా జేసుకున్నాడనా? మీ నాన్న బతికే ఉన్నాడు గదా, తట్టుకుంటాడులే అనుకున్నా." ఎవరికైనా చెప్పావా అంటే, పిల్లల మీద ఒట్టేసి ఎవరికీ చెప్పలేదంది. నేను నమ్మాను. అంత చిక్కిపోయిన మనిషి అబద్ధం చెబుతోందని అనిపించలేదు.

నాన్న ఆమెని ఏమీ అనలేదు. "చానా మోశావు తల్లీ" అన్నాడు, అంతే. ఎవరు మోసిందో ఎవరికి చెబుతున్నాడో ఆ మనిషి! నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఈపూరు దాటాక, అమ్మ ఆఖరి రోజుల సంగతి మొదటిసారి చెప్పాడు. గుంటూరు ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టం పక్కకి జరిపి అమ్మ ఆయనతో అన్నదట: "లెక్క తప్పితే తప్పావులే. నేనెప్పుడూ తప్పుగా అనుకోలా. నువ్వూ మర్చిపో." నాన్న సరేనని తలూపాడట. కాదు తప్పలేదు అని చెప్పడానికి అప్పటికి ఆయన దగ్గర ఏ ధైర్యమూ మిగల్లేదు.

ఆట పూర్తయింది, అప్పజెప్పేశాం, మిషన్ హైదరాబాదుకి తిప్పి పంపాను. ఇప్పుడు పది గుండ్లూ వరసగా పేలతాయి. నాన్న చెయ్యి ఇంకా వణుకుతోంది, కోటయ్య మామ మళ్ళీ రాలేదంటాడు. పదని ఆయనకి ఎలా తెలిసిందో, పదిహేడు సెకన్లు ఆ చెయ్యి ఎలా నిలబడిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే వింటాను.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కానీ ఉండి, కోటయ్య మామ నిజంగానే వచ్చి ఉంటే మాత్రం, ఆయన్ని నిలబెట్టి ఒక్క మాట అడగాలని ఉంది. వచ్చేవాడివి ఆ నాలుగేళ్ళు ముందు రాకూడదా మామా? మా అమ్మ వినేది గదా.