బాపమ్మ బొట్టు పెట్టిన బల్ల

మా చిన్నప్పుడు... సిరిసిల్లల మా ముందర అర్రల, మంచం పక్కన, మూడు కాళ్ల టేకు బల్ల ఒకటి ఉండేది. గుండ్రటి పలక, కాళ్లకు సింహం పంజాలు. ఒక కాలు జర పొట్టిది... గందుకే దాని కింద నూలు చుట్టే ఖాళీ కండె పెట్టి ఆపెటోళ్లం.

అది మా బాపమ్మది. అంటె మా బాపు వాళ్ల అవ్వది. ఆకువక్కల సంచి, కండ్లద్దాలు, నొప్పుల నూనె సీసా, సగం తాగిన చాయ్ గిలాస... అన్ని దాని మీదనే.

తాత భివండిల సాంచెలు, అంటె మరమగ్గాలు, నడిపేటప్పుడు, ఆ సాంచెల సేటు ఇంట్ల పక్కకు పడేస్తుంటె అడిగి తెచ్చుకున్నడట. రైలు మారి, బస్సు మారి, నెత్తి మీద మోసుకొని... ఏడాదికి ఒక్కసారి వచ్చే మనిషి చీర తెస్తడని బాపమ్మ ఎదురుచూస్తె, బల్ల తెచ్చిండు. "నేనేమన్న పట్వారినా, బల్ల మీద రాసెటందుకు?" అని వారం దినాలు మాట్లాడలేదట!

ఇగ మా అవ్వది, అంటె మా అమ్మది, కోరుట్ల. ఆమె తమ్ముడు, మా మామ, దుబాయిల పనిచేసెటోడు. ఓసారి అచ్చినప్పుడు నాలుగు కంబళ్లల చుట్టి అద్దం టీపాయి తెచ్చిండు. ఒక్కొక్క కంబళి విప్పుతుంటె గల్లి గల్లంత మా ఇంట్లనే ఉన్నరు. అవ్వ మొఖం చూడాలె గప్పుడు... పెండ్లయి పదేండ్లయింది, గా ఇంట్ల 'ఇది నాది' అని చెప్పుకునెటందుకు ఆమెకు దొరికింది గదొక్కటే.

దాని మీద గీతలు వడుతయని కుట్టుపని గుడ్డ పరిచింది. గుడ్డ మాస్తదని ప్లాస్టిక్ కవరు ఏసింది. కవరు మీద ప్లాస్టిక్ గులాబీల కుండి పెట్టింది. ఇగ అద్దమెక్కడిది... దుబాయి నుంచి అచ్చిన అద్దాన్ని మేమెవ్వలం శాన దినాలు మళ్ల చూడలేదు.

తిప్పలేందంటె, అర్రల ఒక్క బల్లకే జాగ ఉన్నది.

"అత్తమ్మా, గా కుంటిదాన్ని తీసేద్దమా?" అన్నది అవ్వ.

"నీ అద్దం మీద గుడ్డ తీసి చాయ్ పెడితె కింద నా కాళ్లు కనవడుతయి. గదేం బల్లనే కోడలా!"

మా బాపు అడకత్తెరల పోకచెక్క. ఇద్దరికి తలకాయ ఊపి సాంచెల షెడ్డుకు ఉరికెటోడు. గా చప్పుడుల ఎవ్వలేమన్న వినవడదు గద!

ఆఖరుకు అవ్వ సప్పుడు జేయకుండ పాత సామానాయనకు చెప్పి పెట్టింది, దసర ఎల్లంగనే అచ్చి బల్ల తీసుకపొమ్మని. గోడలకు చెవులుంటయంటరు... మా ఇంట్ల బాపమ్మకే ఉన్నయి.

దసరనాడు మా దిక్కు సాంచెలకు, కత్తెరలకు, కండెలకు అన్నిటికి పసుపు కుంకుమ పెట్టి మొక్కుతం. షెడ్డుల పూజ అయింది. బాపమ్మ మిగిలిన పసుపు పళ్లెం పట్టుకొని సక్కగ అర్రలకు అచ్చి, మూడు సింహం పంజాలకు మూడు బొట్లు పెట్టింది.

"పూజందుకున్న పనిముట్టు గడప దాటొద్దు" అన్నది.

"బల్ల పనిముట్టెట్లయితది అత్తమ్మా?"

"చాయ్ తాగందె నీ మొగడు సాంచె నడుపుతడా? చాయ్ ఏడ పెడ్తం? మరి గిది పనిముట్టు గాదా?"

బాపు షెడ్డు దిక్కు నడిచిండు.

తెల్లారి సామానాయన అచ్చిండు. బొట్లు చూసిండు. చెప్పులిడిసి, దండం పెట్టి, ఒట్టి సైకిలు నడిపించుకుంట పోయిండు!

ఇగ రెండు బల్లలు ఒక్క ఒరల రెండు కత్తులు. మేం అడ్డంగ నడుసుడు మొదలువెట్టినం. మా ఇంటికచ్చిన సుట్టాలందరికి కాళ్లకు దెబ్బలు... ఎవలన్న కుంటుకుంట పోతుంటె "మీ ఇంటికే అచ్చిండా?" అని పక్కింటోళ్లు అడిగెటోళ్లు.

మల్ల ఏడాది దసరకు మామ అస్తడని అవ్వ రోజులు లెక్కవెట్టుకున్నది. పండుగ నాలుగు దినాలున్నదనంగ ఫోనచ్చింది. సుట్టీ ఇయ్యలేదట. సుట్టీ దొరకక రాకపోవుడు గది రెండోసారి. అవ్వ ఫోను పెట్టేసింది. కుండి, కవరు, గుడ్డ తీసి, అద్దాన్ని తుడుసుకుంట కూసున్నది. తుడిసిన కాడనే తుడుస్తున్నది... బాపమ్మ మంచం మీదికెల్లి చూస్తనే ఉన్నది. 

దసరనాడు బాపమ్మ పళ్లెం పట్టుకొని అర్రలకు అచ్చింది. తన బల్లను దాటింది. టీపాయి మీద అవ్వ మళ్ల పెట్టిన గులాబీలు, కవరు, గుడ్డ తీసి పక్కకు పెట్టి, ఉత్త అద్దం మీద ఇంత పెద్ద బొట్టు పెట్టింది.

"గిది గూడ గడప దాటొద్దు బిడ్డా. మనిషి రాకున్నా మనిషి తెచ్చింది కండ్లముందర ఉండాలె... నాకు ఎరుకనే."

గప్పటిదాంక 'ఓ కోడలా' తప్ప ఇంకో పిలుపు లేదు ఆమె నోట్ల. అవ్వ చాయ్ పెట్టెటందుకు వంటింట్లకు పోయింది.

బాపమ్మ మాత్రం ఎనుకనుంచి ఒర్రింది... "గని నా చాయ్ నా బల్ల మీదనే పెట్టాలె!"

మొన్న మా బిడ్డ ఫోనుల చూసి చెప్తున్నది, సోఫా పక్కన ఒక పాతకాలం బల్ల, దాని పక్కన ఒక కొత్తది పెడితె మస్తు స్టైలట. నవ్వీ నవ్వీ నాకు కండ్లల్ల నీళ్లచ్చినయి. బిడ్డను తీసుకొని దుకాణంకు పోయిన. కొత్త కట్టెకే గీతలు గీకి పాతదానిలెక్క చేసి పెట్టిన్రు. "ఎవలింట్లది నాయినా గిది?" అని అడిగిన. "ఫ్యాక్టరీది మేడమ్" అన్నడు దుకాణపాయన. కొనబుద్ధి కాలేదు, వాపసచ్చినం.

ఒక మాట దాస్తున్న, చెప్తనే పాపం పోతది... బాపమ్మ పోయినంక కొత్త ఇల్లు కట్టేటప్పుడు, జాగ లేదని గా రెండు బల్లలు పాత సామాన్లకు ఇచ్చింది నేనే. అవ్వను అడగలేదు.  గా ఏడాది దసరకు అవ్వ పసుపు పళ్లెం పట్టుకొని కొత్త అర్రలకు అచ్చి, జరసేపు నిలవడి, వాపస్ పోయింది. ఇప్పటికీ గది యాదికస్తె నాకు అన్నం లోపలికి పోదు.

మీ ఇండ్లల్ల ఎవలన్న అంత దూరంకెల్లి మోసుకచ్చిన బల్లనో, కుర్చీనో ఉన్నదా? ఉంటె ఎవలు తెచ్చిన్రో రాయిండ్రి... జాగకు అడ్డమున్నా సరే, ఉండనియ్యిండ్రి.