షోకుల మేస్త్రి కత్తి

మా బావను అందరూ షోకుల మేస్త్రి అంటారు. కొలిమి దగ్గర పనిచేసేవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడా? ఈయన వేసుకుంటాడు. మీసం దువ్వుకుంటే గానీ సమ్మెట ముట్టడు. నిప్పురవ్వలు పడి చిల్లులైన ఆ చొక్కాలు కుట్టలేక మా అక్క, "పెళ్లినాడు కూడా ఇంత ముస్తాబు లేదు ఈ మనిషికి" అని విసుక్కుంటూ ఉంటుంది.

ఆయన చేసేవి జపాన్ పద్ధతి వంటకత్తులు. గట్టి ఉక్కుకు మెత్తటి ఇనుప పొరలు అతికించి, సాగగొట్టి, సానపట్టి, యాసిడ్‌లో ముంచి తీస్తే కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. "ఎంత ముద్దొస్తోందో! గోడకు తగిలించుకోవచ్చు" అని ఎవరైనా అన్నారో, బావకు ఒళ్లు మండిపోతుంది.

పెద్ద హోటల్లో వంటశాల నడిపే ఆవిడ సరిగ్గా అదే మాట అంది. అందమైన కత్తి తెగదట, మా బావ కత్తులు షోకేసుకే పనికొస్తాయట. ఆవిడ మాటంటే వంటవాళ్లందరికీ వేదం. మాట చెవిన పడ్డ రోజే బావ నన్ను వెంటబెట్టుకుని ఆ వంటశాలకు వెళ్లాడు.

"నేను చేసిన కత్తి మీ చేతిలో తెగకపోతే, ఈ జన్మలో మళ్లీ అలల కత్తి చేయను. మామూలు కత్తులు కొట్టుకుని బతుకుతాను" అన్నాడు.

ఆవిడ పొయ్యి మీద పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతోంది. "సరే మేస్త్రీ, త్వరగా కానివ్వండి. నాకు పనుంది" అంది.

బావకు ఒక పద్ధతి ఉంది. కత్తి చేయించుకునేవాళ్ల చేతికి తడి బంకమట్టి ముద్ద ఇచ్చి గట్టిగా పట్టుకోమంటాడు. ఆ అచ్చును బట్టే పిడి చెక్కుతాడు, సాన కూడా ఆ చేతిని బట్టే. ఆవిడ ఖాళీగా ఉన్న చేయి చాపి ముద్దను ఓ నొక్కు నొక్కి ఇచ్చేసింది.

కత్తి తయారైంది. నిజం చెప్పొద్దూ, అంత అందమైన కత్తి అంతకుముందు ఆయన చేతిలోంచి రాలేదు. వంటశాలలో అందరూ మూగారు. ఆవిడ ముల్లంగి తీసుకుని కోసింది. ముక్క ఒక అంచున మందంగా, ఇంకో అంచున పలచగా వచ్చింది. మళ్లీ కోసింది, మళ్లీ అంతే. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది మేస్త్రీ" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. బావ మాత్రం కత్తినీ చూడటంలేదు, ముల్లంగినీ చూడటంలేదు. ఆవిడ చేతినే చూస్తున్నాడు.

"అమ్మా, మీది ఎడమచేతి వాటమా?"

"పుట్టినప్పట్నుంచీ."

"మరి మట్టి ముద్ద కుడిచేత్తో పట్టారే?"

"ఎడమచేత్తో గరిటె తిప్పుతున్నాగా. ఖాళీగా ఉన్నది ఇచ్చాను."

బావ పడీపడీ నవ్వాడు. "తప్పు నాదే! పనిచేసే చేయి ఖాళీగా ఎందుకుంటుంది? నేను అడగాల్సింది."

ఆవిడ అంతవరకూ వాడినవన్నీ రెండు పక్కలా సానపట్టిన కత్తులు. అవి ఏ చేత్తోనైనా తెగుతాయి. బావ సానపట్టేది ఒక్క పక్కే, కుడిచేతివాళ్లకు కుడి పక్క, ఎడమచేతివాళ్లకు ఎడమ పక్క. ఆ పక్క తప్పితే కత్తి పక్కకు లాగేస్తుంది. ఇదంతా చెప్పి, కుడిచేత్తో తనే ముల్లంగి కోశాడు. ఉల్లిపొర కన్నా పలచగా వచ్చింది. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు.

ఆవిడ కొట్టలేదు. "మీ చేతిలో తెగింది సరే. నా చేతిలో తెగాలి కదా."

"తెగుతుంది" అన్నాడు బావ, మీసం సవరించుకుంటూ.

దారిలో నేను ఊరుకోలేక, "బావా, ఈసారికి ఆ అలలూ గిలలూ మానేయ్. తెగడం సంగతి చూసుకో" అన్నాను.

"అలలు మానేస్తే ఆవిడే గెలిచినట్టు కదరా బామ్మర్దీ!" అని కసిరాడు.

మర్నాడు మళ్లీ వెళ్లి, ఈసారి వంటశాలలో ఓ మూల నిలబడి, ఆవిడ కోస్తున్నంతసేపూ చూశాడు. మధ్యలో ఆపి, ఆ ఎడమచేతికే ముద్ద ఇచ్చాడు. సాన కూడా ఎడమ పక్కే పెట్టాడు. అలలు మొదటిదాని కన్నా చిక్కగా తేలాయి.

కొత్త కత్తి చేతికందగానే ఆవిడ ముల్లంగి ముక్క కోసి కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. దాంట్లోంచి అవతల వీధిలో పోతున్న మనుషులు కనిపించారు. మెచ్చుకోలేదు. ఆ ముల్లంగి అయ్యాక ఇంకోటి, తర్వాత క్యాబేజీ అందుకుంది. "అమ్మా, ఇవాళ్టికి ఇంక చాలండీ" అని పక్కనున్నవాళ్లు అంటే గానీ ఆగలేదు. కత్తిని తన కొంగుతోనే తుడిచి, తన సొరుగులో పెట్టి తాళం వేసుకుంది.

"ఆ మొదటిది కూడా ఇచ్చేయండి మేస్త్రీ. మా రెండో వంటామెది కుడిచేతి వాటమే."

"అది ఇవ్వనండీ" అన్నాడు బావ. నేను నోరు వెళ్లబెట్టాను.

ఇంటికొచ్చి ఆ కత్తిని అక్క ముందు పెట్టాడు. పెళ్లయినప్పట్నుంచీ అక్క దగ్గరున్నది అరిగిపోయిన ఒకే ఒక్క కత్తి, పిడికి దారం చుట్టుకుని వాడుకుంటోంది. అడిగినప్పుడల్లా "నీకు మంచిది చేస్తాగా, ఆగు" అనేవాడు ఈ మహానుభావుడు.

అక్క ఉల్లిపాయ కోసింది. చకచకా తెగింది.

"ఎలా ఉంది?" అన్నాడు, పొగడ్త కోసం మీసం మీద చేయి వేసి.

"బాగా తెగుతోంది. కానీ పిడి కాస్త లావు. ఎవరి చేతికో చేసిందిగా" అంది అక్క, తలెత్తకుండా.

బావ మీసం మీంచి చేయి తీసేశాడు. కొలిమికి వెళ్లి తడి మట్టి ముద్ద పట్టుకొచ్చాడు.

"ఆగండి. చేతులు ఖాళీగా లేవు" అంది అక్క.

ఆగాడు. మట్టినీళ్లు మోచేతి దాకా కారి ఇస్త్రీ చొక్కా తడిసిపోతున్నా, అక్క చివరి ఉల్లిపాయ కోసేదాకా ఆ కుడిచేతినే చూస్తూ నిలబడ్డాడు.