అత్త సాగనంపని అమ్మవారు

మా చెల్లెలు నలభై రోజులకు పైగా అమ్మవారుగా ఉంది. ఇప్పుడు చెబితే అందరూ నవ్వుతారు, అది కూడా నవ్వుతుంది. అప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న కాలం. బెంగుళూరు కబ్బన్‌పేటలో, రెండు చేతులూ చాపితే రెండు గోడలు తగిలేంత ఇరుకు గల్లీలో మా ఇల్లు. ముందు గదిలో నాన్న పట్టుచీరలు నేసే గుంటమగ్గం, వెనక వంటిల్లు, మధ్యలో ఒక చీకటి గది. ఉండేది ఐదుగురం. అమ్మ, నాన్న, నాన్నకు అక్క అయిన మా మేనత్త, పదకొండేళ్ళ నేను, ఏడేళ్ళ చెల్లెలు. చెల్లెల్ని అందరూ పాప అనే పిలిచేవాళ్ళు.

అత్త గురించి మంచి ముందే చెప్పేస్తాను. లేకపోతే తర్వాత చెప్పేది విని ఆమెను రాక్షసి అనుకుంటారు. నాన్న రెండేళ్ళవాడిగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ పోతే, ఎత్తుకుని పెంచింది ఆమే. పెళ్ళయి వెళ్ళి, కొడుకు పోయి, మొగుడు పోయి, మళ్ళీ తమ్ముడి ఇంటికే వచ్చి మా ఇద్దరినీ పెంచింది. ఆమె వేసిన జడ మూడు రోజులకు కూడా వదులయ్యేది కాదు. ఆ బిగువుకు మా కనుబొమ్మలు మాత్రం నెత్తి మీదికి ఎక్కినట్టుండేవి. రేషను చక్కెర దాచిపెట్టి మాకు తినిపించి, అమ్మ అడిగితే చీమలు పట్టాయని చెప్పేది. దేవుడి ముందు గంటల తరబడి కూర్చునే మనిషి అంత సులువుగా అబద్ధమాడటం నాకు భలే నచ్చేది.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు పాపకు ఆటలమ్మ పోసింది. ఒళ్ళంతా చిన్న నీటి పొక్కులు, నాలుగు రోజుల జ్వరం. ప్రాణాలు తీసే పెద్దమ్మవారు కాదు, పిల్లలకు వచ్చి పోయేదే. అయినా ఏ పొక్కు లేచినా అమ్మవారు ఇంటికి వచ్చినట్టే మా వాళ్ళ నమ్మకం. వచ్చినావిడకు చాలా మర్యాదలు ఉన్నాయి. వంటలో తిరగమాత పెట్టకూడదు, ఆ ఘాటు ఆమెకు పడదు. ఇంట్లో ఎవరూ తల దువ్వుకోకూడదు. మగ్గం ఆడకూడదు. పొక్కులు మాడిపోయాక మూడుసార్లు తలకు నీళ్ళు పోసి, పసుపునీళ్ళూ పెరుగన్నమూ నాలుగు దారులు కలిసే చోట పెట్టి ఆమెను సాగనంపాలి. మొత్తం పది పన్నెండు రోజుల వ్యవహారం. గల్లీలో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక ఏడు జరిగేదే.

మా ఇంట్లో రెండు నీళ్ళు పోశారు. మూడో నీళ్ళకు ముందు అత్త తన అత్తవారింటి పద్ధతి ఒకటి తెచ్చింది. అమ్మవారి సెలవు లేకుండా పంపకూడదట. కలశానికి పసుపు ముద్దతో ఒక మల్లెపువ్వు అంటించి, "పోతావా తల్లీ?" అని అడగాలి. పువ్వు కుడివైపు రాలితే పోతానని. ఎడమవైపు రాలితే పోనని. రాలకపోతే ఇంకా ఆలోచిస్తున్నానని.

పువ్వు రాలలేదు. అత్త పట్టించిన పసుపు ముద్దకు పువ్వేమిటి, గోడకు మేకు కూడా అంటుకుని ఉండేది. ఆ మాట నేను అమ్మతో అంటే అమ్మ నా మూతి మీద ఒకటి వేసింది. పై శుక్రవారం అడిగారు, రాలలేదు. ఆ పైవారమూ అంతే.

పొక్కులు పోయి మచ్చలు కూడా మాసిపోతున్నాయి. పాప మాత్రం మధ్య గదిలో పీట మీదే ఉంది. అమ్మవారు వెళ్ళలేదు గనక పాపే అమ్మవారు. అత్త పొద్దున్నే దాని కాళ్ళు కడిగి, పసుపు రాసి, నుదుట రూపాయంత కుంకుమ పెట్టేది. పొయ్యి వెలిగించే ముందు దాని అనుమతి అడిగేది. పాప అని పిలవడానికి మాకు వీల్లేదు, తల్లీ అనాలి. మొదట్లో చెల్లెలు ఆ పదవిని బాగానే అనుభవించింది. అరటిపండు తెమ్మనేది, బెల్లం తెమ్మనేది. ఒకరోజు నన్ను వేపకొమ్మ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమంది. అత్త పక్కనే ఉంది కాబట్టి నిలబడ్డాను. మొహం మాడ్చుకుని, ఇది బయటికి వచ్చాక దీని పని పడతానని లెక్కలు వేసుకున్నాను.

అది బయటికి రాలేదు. ఒక మధ్యాహ్నం అత్త స్నానానికి వెళ్ళినప్పుడు అచ్చనగాయల రాళ్ళు తీసుకుని దాని దగ్గరికి వెళ్ళాను. రాళ్ళ ఆటంటే చెల్లెలు అన్నం కూడా మరిచిపోయేది. రాళ్ళను చూసింది, నన్ను చూసింది. "అమ్మవారు ఆడదు" అంది, తన గురించి కాకుండా మరెవరి గురించో చెబుతున్నట్టు. రాళ్ళు అక్కడే వదిలేసి వంటింట్లోకి పరుగెత్తాను.

నాన్న ఏమీ అనలేదా అని ఇప్పుడు నా పిల్లలు అడుగుతారు. మగ్గం ఆడించకూడదని ఆయన పక్క వీధిలో వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి నేసి వచ్చేవాడు. ఒకసారి మాత్రం, ఇంక చాలక్కా అన్నాడు. అత్త కోప్పడలేదు. "నిన్ను ఇంతవాణ్ణి చేసినాను గదప్పా. నీ బిడ్డకు చెడుపు చేస్తానా?" అంది. నాన్న తల దించుకున్నాడు. ఆయనది పిరికితనం కాదు. ఒకవేళ అక్క చెప్పేదే నిజమైతే, పంపేశాక బిడ్డకు ఏదైనా అయితే అన్న భయం. ఆ భయం మా అందరికీ ఉండేది. ఇంట్లో ఒక్కరు గట్టిగా నమ్మితే చాలు, తక్కినవాళ్ళు కాదనడానికి జంకుతారు.

అత్త ఎందుకిలా చేస్తోందో అమ్మ ఒకరోజు బియ్యం ఏరుతూ చెప్పింది. అత్త కొడుక్కి నాలుగేళ్ళప్పుడు పెద్దమ్మవారు పోసింది. ఆ రోజు ఇంటికి ఎవరో చుట్టాలొస్తే, చప్పిడి పప్పు ఎట్లా పెడతావని అత్తగారు కసిరితే, అత్త పప్పులో తిరగమాత పెట్టింది. మూడో రోజుకు పిల్లవాడు పోయాడు. ఆ ఆవాలు తన చేత్తోనే వేశానని అత్త అప్పట్లో అనేదట, తర్వాత ఆ మాటే మానేసిందట. అమ్మ చెప్పడం ముగించి మళ్ళీ బియ్యం ఏరుకుంది. నాకు అత్త మీద జాలి కలిగింది. కానీ చెల్లెలు ఇంకా ఆ పీట మీదే ఉంది, జాలి కన్నా భయమే ఎక్కువైంది.

అందుకే తెలివి చూపించబోయాను. నాలుగో శుక్రవారం అత్త పువ్వు అంటించి కళ్ళు మూసుకోగానే, కలశం పెట్టిన పీటను కాలి బొటనవేలితో కదిలించాను. పువ్వు రాలింది. ఎడమవైపు.

అత్త కళ్ళు తెరిచి చూసింది. చేతులు జోడించి, అమ్మవారు ఎక్కడికీ పోనంటోంది, ఈ బిడ్డలోనే ఉండిపోతుంది అని చెప్పింది. ఉండిపోయే అమ్మవారికి వేరే నియమాలట. రోజుకు ఒకే పూట, ఉప్పు లేని అన్నం. బడి లేదు, గడప దాటడం లేదు. అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొంప ముంచింది నేనేనని ఎవరికీ చెప్పలేకపోయాను. నేను కదిలించిన పీట వల్ల నా చెల్లెలు పస్తుంటోంది. వారం తిరిగేసరికి దాని మెడ ఎముకలు పైకి తేలాయి. పిలిచినా తల తిప్పేది కాదు.

ఇక నాకు మిగిలింది ఒక్కటే దారి. మర్నాడు శుక్రవారం అనగా, అత్త మడినీళ్ళకు వీధి కుళాయి దగ్గరికి వెళ్ళిన సమయం చూసి మధ్య గదిలోకి దూరాను. పాప ఎదుట కూర్చుని, రేపు అత్త హారతి ఇచ్చేటప్పుడు నేను పోతానని గట్టిగా చెప్పు, అంతే, అన్నాను.

"నేను పోతే పాప ఎక్కడుంటాది?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. "నా దగ్గర ఉంటాది. నేను చూసుకుంటాను" అన్నాను. దాని చెయ్యి పట్టుకున్నాను. వేపాకు వాసనేసింది, చల్లగా ఉంది. చెబుతానని అనలేదు, చెప్పనని అనలేదు.

శుక్రవారం అత్త పీట ముందు హారతి వెలిగించింది. అమ్మ, నాన్న, నేను గుమ్మంలో నిలబడ్డాం. హారతి మూడుసార్లు తిరిగింది. పాప నోరు విప్పలేదు. మళ్ళీ తిరిగింది. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు పాప గొంతు వినిపించింది.

"నేను పోతాను."

అత్త చెయ్యి ఆగిపోయింది. నేను అనుకున్నది జరిగిపోయింది. కానీ పాప అక్కడితో ఆపలేదు. ముందుకు వంగి, అత్త చెంప మీద చెయ్యి వేసింది.

"నువ్వు ఆవాలు వేసినందుకు కాదు. నాకు కోపం రాలేదు. ఏడ్వొద్దు."

హారతి పళ్ళెం నేల మీద పడింది. అత్త కూలబడిపోయింది. ఆమె నోట్లోంచి వచ్చిన ఏడుపు ఎలాంటిదో నేను చెప్పలేను. ముప్పై ఏళ్ళ కింద ఏడవాల్సింది అప్పుడు ఏడ్చింది. నాన్న వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుని, చిన్నపిల్లవాడిలా ఆమె భుజానికి తల ఆనించాడు. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. పాపను ఎత్తుకుని దొడ్లోకి తీసుకెళ్ళి మూడో నీళ్ళు పోసేసింది.

పెరుగన్నం, పసుపునీళ్ళు అత్తే నెత్తిన పెట్టుకుని నాలుగు దారుల దగ్గరికి నడిచింది. తిరిగొచ్చి, ఉప్పేసి అన్నం కలిపి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపించింది. తల్లీ అనలేదు. ఏమే అంది.

ఆ సాయంత్రం మేమిద్దరం గల్లీలో అరుగు మీద కూర్చున్నాం. నాకు నా తెలివి మీద గొప్ప గర్వంగా ఉంది, కానీ ఒక్కటి అర్థం కాలేదు. ఆవాల సంగతి అమ్మ నాకు మాత్రమే చెప్పింది. నేను చెప్పమన్నది ఒక్క మాట, రెండోది నీకెవరు చెప్పారని అడిగాను.

"అత్తే" అంది పాప. "దినామూ కాళ్ళు కడిగేటప్పుడు అడుగుతా ఉండె, ఆవాలు వేసినందుకేనా అని. మీరంతా దూరంగా ఉంటిరి. నేనొక్కదాన్నే గదా ఉండేది, నేనే చెప్పల్ల."