ఇంటివైపు తిరిగిన జవాబులు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఆ నీటి సరఫరా కార్యాలయంలో మాత్రం దానితో ఎవరికీ పనిపడలేదు. అటెండరు మొదలు డైరెక్టరు గారి వరకు అందరికీ ఆయన దారులాయనే. ఏ కంప్యూటర్ నుంచి వచ్చిన కబురు ఏ దారిన వెళ్లాలో చూసే ఉద్యోగం కాబట్టి ఆ పేరు వచ్చింది, గడ్డం నెరిసేదాకా నిలిచింది.

పేరు నిలిచినంత గట్టిగా ఉద్యోగం నిలవలేదు. పోయిందని కాదు, పోకుండానే తాత్కాలికంగా ఉండిపోయింది. పెళ్లయిన కొత్తలో చేరిన కాంట్రాక్టు, కూతురు కాలేజీలో చేరినా కాంట్రాక్టే. ఇంకో ఏడాది పొడిగించామంటూ ఏటేటా ఓ కాగితం చేతిలో పెడతారు. అత్తగారు మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ, ఆయన వింటుండగానే, పరిచయం చేస్తుంది. "ఈయన మా పెద్దల్లుడండీ, పర్మనెంటు. ఇతను చిన్నల్లుడు, ఇంకా తాత్కాలికమే." ఆ మాట విన్న ప్రతిసారీ దారులాయనకు తిన్నది అరిగేది కాదు. ఎలాగైనా పర్మనెంటు కావాలి. పైకి చెప్పుకోకపోయినా బతుకులో ఆయన కోరిక అదొక్కటే.

ఆయన రాజ్యం మెట్ల కింది గది. ఒకవైపు చీపుళ్లు, ఒకవైపు బ్యాటరీలు, మధ్యలో ఓ పాత కంప్యూటర్. డైరెక్టరు గారు ఎక్కడో సదస్సుకు వెళ్లొచ్చి, "రూటర్లు కొనడం పాత పద్ధతయ్యా, ఇప్పుడంతా సాఫ్ట్‌వేరే" అన్నారు. అకౌంట్స్ సెక్షన్‌లో మూలపడేసిన కంప్యూటర్‌ను దులిపి, వీపున మూడు నాలుగు నెట్‌వర్క్ కార్డులు తగిలించి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి దాన్నే రూటర్ చేశాడు దారులాయన. పని బాగానే చేసేది. పేరుకు పెద్ద విద్యలా ఉంటుందిగానీ అది చేసేది పోస్ట్‌మ్యాన్ పనే. దాని కడుపులో ఓ పట్టిక ఉంటుంది. ఈ చిరునామాల వరుసకు వచ్చిన కబురును ఆ తలుపు గుండా పంపు అని అందులో రాసి ఉంటుంది. ఒకే చిరునామాకు రెండు దారులు కనబడితే అందరికీ కలిపి రాసిన దారి ఓడిపోతుంది, కొద్దిమంది కోసం విడిగా రాసిన దారి గెలుస్తుంది. ఈ సూత్రాన్ని కంప్యూటర్ల వాళ్లు కనిపెట్టామని చెప్పుకుంటారు. ఏ ఆఫీసు గుమ్మం తొక్కినవాళ్లకైనా తెలిసిన సంగతే అది.

ఆ పట్టికలో కొత్త దారి శాశ్వతంగా చేర్చాలంటే మార్పుల సంఘం ఒప్పుకోవాలి. ఆ సంఘం కూర్చోవాలంటే సభ్యులు సరిపడా రావాలి. వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు?" రెండో ప్రశ్న, "టీ చెప్పారా?" అదే తాత్కాలికంగా చేర్చాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. ఒక్క వరుస టైపు చేస్తే వెంటనే పనిచేస్తుంది. యంత్రాన్ని ఆపి మళ్లీ పెడితే మాయమవుతుంది, అంతే. అందుకని దారులాయన తాను వేసే దారులు దాదాపు అన్నీ తాత్కాలికంగానే వేశాడు. ఆ యంత్రాన్ని ఎవరూ ఆపకూడదని శాసనం చేశాడు.

ఎప్పుడైనా బ్యాటరీలు మొరాయించి అది ఆగిపోయిందా, ఇక ఆ రోజు ఆయన వైభవం చూడాల్సిందే. కార్యాలయమంతా మెట్ల కిందికి పరిగెత్తుకొస్తుంది. ఆయన తాపీగా టీ తాగి, వేళ్లు విరుచుకుని, కళ్లు సగం మూసి, దారులన్నీ జ్ఞాపకం మీదనే మళ్లీ కొట్టేవాడు. "కాగితం మీద రాసి పెట్టుకోవచ్చుగదండీ" అని ఎవరైనా అంటే నుదురు చూపించేవాడు. "అంతా ఇక్కడుంది." రాసిపెడితే ఇంకెవరైనా కొడతారు, ఇంకెవరైనా కొట్టగలిగితే తనతో పనేముంటుంది అన్నది ఆయన లోపలి లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టడానికి మనకూ నోరు రాదు.

ఇన్నాళ్లకు పై కార్యాలయం నుంచి ఓ తనిఖీ అధికారిణి వచ్చింది. తాత్కాలిక ఉద్యోగుల్లో ఎవరిని పర్మనెంటు చెయ్యాలో ఆవిడే సిఫారసు చెయ్యాలి. సరిగ్గా ఆ రోజే వీధికి అవతల కట్టిన కొత్త భవనంలో బిల్లుల కౌంటర్లు తెరిచారు. తెరవడం తెరిచారుగానీ బిల్లు ఒక్కటీ కదల్లేదు. కౌంటర్ల ముందు జనం బారులు తీరారు. ప్రతి తెర మీదా చిన్న చక్రం ఒకటి తిరుగుతూనే ఉంది.

"నా గదిలో బాగానే వస్తోందిగా" అన్నారు డైరెక్టరు గారు. ఆయన గదిలో వస్తే లోకంలో వచ్చినట్టే.

దారులాయన రంగంలోకి దిగాడు. తీగలు పీకి పెట్టాడు, పెట్టి పీకాడు. తీగలు వేసిన కాంట్రాక్టర్‌ను తిట్టాడు. కౌంటర్లలో కొత్తగా చేరిన వాళ్లను, "మీరు ఏం నొక్కారు? నిజం చెప్పండి" అని నిలదీశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి గోడల్లో చెమ్మ ఉందన్నాడు. అధికారిణి చేతులు కట్టుకుని వెనకే నడిచింది. అది ఆయనను మరీ కంగారు పెట్టింది.

ఈ గొడవలో భార్య ఫోను. ఆవిడ ఇంట్లో కూర్చుని నెట్‌లో కుట్టుపాఠాలు చెబుతుంది. పిల్లల గౌన్ల నుంచి కోట్ల దాకా నేర్పుతుంది, దూరదూరాల నుంచి చూసేవాళ్లున్నారు.

"ఏమండీ, ఇంట్లో నెట్ నత్తలా నడుస్తోంది. తెర మీద నా చెయ్యి సూదిలో దారం ఎక్కిస్తూ అలాగే ఆగిపోయిందట, అందరూ నవ్వుతున్నారు."

"ఇక్కడ కొంపలు మునుగుతుంటే నీ దారం గోలేమిటి? పెట్టెయ్."

కాసేపటికి మళ్లీ ఫోను. ఈసారి ఆయన ఎత్తనే లేదు.

"పట్టిక చూశారా?" అని అడిగింది అధికారిణి.

"చూడనక్కర్లేదు మేడం, నోటికొచ్చు" అని శాశ్వతమైన దారులు రాసి ఉన్న ఫైలు తెరిచి చూపించాడు. కొత్త భవనం చిరునామాలన్నీ కొత్త భవనం వైపే ఉన్నాయి. అది వట్టి ఫైలు. యంత్రం ఆ క్షణాన నిజంగా నడుపుతున్న పట్టిక వేరే ఉంటుంది, తాత్కాలికాలన్నీ అందులోనే ఉంటాయి. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. తనమీద తనకున్న నమ్మకం అలాంటిది.

"కౌంటర్ల నుంచి వెళ్లే ప్రశ్న బిల్లుల లెక్కలుండే సర్వరు దాకా చేరుతోంది కదండీ. జవాబు ఏ దారిన తిరిగొస్తోందో చూశారా?" అంది ఆవిడ.

చూడలేదు. పాత భవనంలో సర్వరు ముందు కూర్చుని, కౌంటరుకు వెళ్లే దారిని అడుగడుగునా చూపించమని ఆదేశం కొట్టాడు. తెర మీద మొదటి వరుసలో మెట్ల కింది యంత్రం చిరునామా వచ్చింది. రెండో వరుసలో ఇంకో చిరునామా. మూడో వరుసలో మళ్లీ మెట్ల కింది యంత్రమే. తర్వాత మళ్లీ ఆ ఇంకో చిరునామా. ఇద్దరు తగువులమారులు ఒకరి గుమ్మంలో చెత్త ఇంకొకరి గుమ్మంలోకి ఊడ్చినట్టు జవాబు అటూ ఇటూ తిరుగుతోంది. కొత్త భవనం వైపు కన్నెత్తి కూడా చూడడం లేదు.

ఆ రెండో చిరునామాను దారులాయన వేలు పెట్టి మళ్లీ చదివాడు. అది ఆయన ఇంట్లో, భార్య కుట్టుమిషను పైన అలమరలో ఉన్న నెట్ పెట్టెది.

కథ పాతది. కొత్త భవనం కట్టేటప్పుడు బిల్లుల కౌంటర్లను వెనక వీధిలో ఓ అద్దె ఇంట్లో పెట్టారు. ఆఫీసు నెట్ అందడానికి డాబా మీద యాంటెన్నా బిగించారు. ఆ కౌంటర్ల చిరునామాల కోసం దారులాయన ఓ తాత్కాలిక దారి వేశాడు. తర్వాత కౌంటర్లు ఎత్తేసి ఇల్లు ఖాళీ చేశారు. ఖాళీ అయిన ఇంట్లో అద్దెకు దిగింది ఎవరో కాదు, దారులాయనే. యాంటెన్నా దించాలంటే మార్పుల సంఘం ఒప్పుకోవాలి కాబట్టి అది అలాగే ఉండిపోయింది. దానితో ఇంట్లోకి ఆఫీసు నెట్టూ పైసా ఖర్చు లేకుండా వస్తూ ఉండిపోయింది. ఇంట్లో పెట్టెలో నాలుగు చిరునామాలు మాత్రం ఉంచుకుని మిగతావి తీసేశాడు. మెట్ల కింది యంత్రంలో దారిని మాత్రం మొత్తం వరుసకూ అలాగే వదిలేశాడు. ఇవాళ కొత్త కౌంటర్లకు ఖాళీగా ఉన్నాయి కదా అని తన చేత్తోనే ఆ వరుసలోని చిరునామాలు ఇచ్చాడు. ఆ వరుసకు విడిగా రాసిన పాత దారి గెలిచింది. ఊరి బిల్లులన్నీ ఆయన ఇంటికి వెళ్లాయి. ఇంట్లో పెట్టె "ఇవి మావి కావు" అని తిప్పి కొట్టింది. అక్కడ భార్య పాఠం నత్తనడక నడవడానికీ ఇదే కారణం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడు మహానుభావుడు.

"ఈ రెండోది ఎవరిదండీ?" అని అడిగింది అధికారిణి. పక్కనే డైరెక్టరు గారు, అకౌంట్స్ సెక్షన్ నడిపే అమ్మగారు నిలబడి ఉన్నారు.

పాత అద్దె ఇల్లు, ఖాళీగా ఉందని చెబుదామనుకున్నాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ "అయితే ఓసారి చూసొద్దాం పదండి" అంటే? వెనక వీధే, నాలుగడుగులు. తలుపు తీసేది భార్య. నిజం చెప్పడానికి గొప్ప ధైర్యం కావాలంటారుగానీ, ఒక్కోసారి ఇల్లు దగ్గరగా ఉంటే చాలు.

"మా ఇల్లు మేడం" అన్నాడు.

అత్తగారు, కాంట్రాక్టు కాగితం, కూతురి కాలేజీ అన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి. తలవంచుకుని ఆ దారిని తీసేశాడు. ఒక్క వరుస, ఒక్క క్షణం. వీధికి అవతల కౌంటర్లలో "వచ్చింది, వచ్చింది" అని కేకలు వినబడ్డాయి. అప్పుడే జేబులో ఫోను మోగింది.

"ఏమండీ, ఇప్పుడు మొత్తానికే పోయింది."

"ఇంటికొచ్చి చెబుతాను" అని పెట్టేశాడు.

అధికారిణి మాత్రం కదల్లేదు. తెర మీద అసలు పట్టిక ఇంకా తెరిచే ఉంది. "వీటి సంగతేమిటండీ? ఇవీ ఆఫీసు బయటికే పోతున్నాయి" అని వేలు పెట్టి చూపించింది. ఒకటి డైరెక్టరు గారి బంగళాకు పోతుంది. ఒకటి అకౌంట్స్ అమ్మగారి అల్లుడి దుకాణానికి. కింద మరికొన్ని. తిలాపాపం తలా పిడికెడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టారు. అకౌంట్స్ అమ్మగారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. ఇద్దరూ దారులాయన వైపు చూశారు. ఇన్నేళ్లలో వాళ్లు ఆయనను అంత ఆప్యాయంగా ఎప్పుడూ చూడలేదు.

"అవి ముఖ్యమైన దారులు మేడం" అన్నాడు దారులాయన.

"ముఖ్యమైనవా?"

"చాలా."

ఆవిడ ఒక్కొక్కరి మొహమూ నిదానంగా చూసింది. అర్థమైందో లేదో చెప్పడం కష్టం. ఆవిడ ఆఫీసు డాబా మీద ఎన్ని యాంటెన్నాలున్నాయో మనకు తెలియదు కదా. "ముఖ్యమైనవైతే తాత్కాలికంగా ఎందుకు ఉంచారు? పర్మనెంటు చేయించండి" అని లేచి వెళ్లిపోయింది.

మార్పుల సంఘం కూర్చుంది. సభ్యులు ఒక్కరూ తప్పకుండా వచ్చారు. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకని ఎవరూ అడగలేదు. టీ రాకముందే ముఖ్యమైన దారులన్నీ శాశ్వతమయ్యాయి. అదే ఊపులో డైరెక్టరు గారు దారులాయన ఉద్యోగం సంగతి ఎత్తారు. "తప్పు చేస్తే ఒప్పుకున్నాడు, దిద్దుకున్నాడు. ఏది ఎక్కడ మాట్లాడాలో తెలిసిన మనిషి. ఇలాంటివాణ్ని వదులుకోకూడదు" అన్నారు. అందరూ తలలూపారు. అకౌంట్స్ అమ్మగారు అందరికంటే ఎక్కువ ఊపింది.

కాగితం చేతికొచ్చిన రోజున అత్తగారు స్వయంగా స్వీటు పట్టుకొచ్చింది. పక్కింటావిడను గుమ్మంలోనే ఆపి, "మా ఇద్దరల్లుళ్లూ పర్మనెంటే" అంది. ఆ మాట వినడానికి ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశాడో! విని, కడుపు నిండిపోయి, లోపలి గదిలోకి వెళ్లాడు.

భార్య కుట్టుమిషను ముందు ఉంది. నెట్ లేక పాఠాలు ఆగిపోయాయి, ఎవరివో పాత బట్టలకు అంచులు కుడుతోంది.

"చూశావా?" అని కాగితం ముందు పెట్టాడు.

ఆవిడ మిషను ఆపి చదివింది. "చాలా సంతోషమండీ. ఇంతకీ ఆ పట్టికలోంచి మనదొక్కటే తీశారా?"

"మనదొక్కటే."

"డైరెక్టరు గారి ఇంటిది?"

"ఉంది."

"మరి ఆ తనిఖీ ఆవిడ అడగలేదా, అదెవరిదని?"

"అడిగింది."

"మీరేమన్నారు?"

దారులాయన మంచినీళ్ల గ్లాసు తీసుకున్నాడు, తాగకుండానే పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఆయన మొహం చూసి, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే మీరు ఆ రోజే పర్మనెంటయ్యారండీ. కాగితమే ఇవాళొచ్చింది" అని మళ్లీ మిషను తొక్కడం మొదలెట్టింది.

ఇన్నేళ్లూ అత్తగారు అన్న మాటలన్నీ కలిపినా ఆయనకు ఇంత సిగ్గనిపించలేదు.